నల్లకొండ మీద నీటిబానలు

మా రాజమహేంద్రవరానికీ అగ్నిపర్వతాలకూ చుట్టరికం ఉందంటే చాలామంది నమ్మరు. గోదావరి ఒడ్డున పుట్టినవాడికి నీళ్ళతో చుట్టరికంగాని నిప్పుతో ఏమిటయ్యా, అంటారు. అలా అనేవారు ఒకసారి మా ఊరి శివారున కాతేరు వెళ్ళి అక్కడి నల్లరాయి చూడాలి. సుమారు 6.5 కోట్ల ఏళ్ళ క్రితం పడమటి కనుమల వైపు భూమి చీలి పైకుబికిన లావా, ఆనాటి నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్ల దాకా పారి, మా ఊరి దగ్గర సముద్రతీరానికి వచ్చి చల్లారిందని భూవిజ్ఞానులు చెబుతారు.

మా నాన్నగారు సైన్సు మాస్టారు. ఆదివారంనాడు నన్ను సైకిలు కారియరు మీదా, మా తమ్ముణ్ణి ముందు కడ్డీ మీదా కూర్చోబెట్టుకుని ఆ రాళ్ళ దగ్గరికి తీసుకుపోయేవారు. "ఒరేయ్, ఈ రాయి ఒకప్పుడు గోదావరిలా పారిందిరా" అనేవారు. నేను బుద్ధిగా తలూపేవాణ్ణి. మా తమ్ముడు మాత్రం ఒకసారి, "మరి దాన్ని ఎవరు తాగారు?" అని అడిగాడు. ఆ ప్రశ్న తలుచుకుని మా నాన్నగారు నెలరోజులు నవ్వుకున్నారు.

ఆ ప్రశ్న వేసినవాడు ఇప్పుడు అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్సు పక్కనున్న చాండ్లర్‌లో స్థిరపడ్డాడు. కిందటి మార్చిలో వాళ్ళమ్మాయికి ఓణీలు ఇచ్చారు. పెదనాన్న లేకపోతే ఎలాగంటూ మా మరదలు టిక్కెట్టు కొని పంపించింది. కాలేజీలో సెలవు పెట్టి వెళ్ళాను. వేడుక బ్రహ్మాండంగా జరిగింది. గోంగూర దగ్గరనుంచి గారెల దాకా ఏ లోటూ లేదు. ఎటొచ్చీ మా అన్నదమ్ములిద్దరి మధ్యా కొన్నేళ్ళుగా పలకరింపులు ఉన్నాయిగాని మాటల్లేవు. కారణం తరవాత చెబుతాను.

బంధువులంతా వెళ్ళిపోయాక వాడే వచ్చి, "అన్నయ్యా, సరిహద్దు దాటితే మెక్సికోలో ఒక అగ్నిపర్వతం ఉంది. పినకాతె అంటారు. నాన్న ఉంటే చూడకుండా వదిలేవారు కాదు. వెళదామా?" అన్నాడు. నాన్న మాట వచ్చాక కాదనలేకపోయాను.

తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాం. మా మరదలు పులిహోర పొట్లాలు కట్టింది. వాడు కారు వెనకాల పది గాలన్ల నీళ్ళు సర్దాడు. అంటే దగ్గర దగ్గర 38 లీటర్లు. "ఏమిట్రా, పుష్కరాలకు వెళుతున్నామా?" అన్నాను. వాడు నవ్వలేదు.

ఫీనిక్సు నుంచి సరిహద్దు దాకా నూటయాభై మైళ్ళు. దారిలో ఆహో అనే ఊరు వస్తుంది. స్పానిషులో ఆ మాటకు వెల్లుల్లి అని అర్థం. 1985లో రాగి గని మూతపడ్డాక ఊరు చిక్కిపోయింది. దాని తరవాత 'వై' అని ఒక ఊరుంది. రెండు రోడ్లు ఇంగ్లీషు 'వై' అక్షరంలా కలిసేచోట వెలిసింది గనక ఆ పేరు పెట్టబోతే, ఊరి పేరుకు కనీసం మూడక్షరాలుండాలని అక్కడి చట్టం అడ్డొచ్చిందట. దాంతో మూడక్షరాల 'వై' పెట్టారు, అంటే 'ఎందుకు?' అని. ఎందుకనే ఊరు దాటి ఎడారిలోకి వెళ్ళడం నాకు సరదాగానే తోచింది. అక్కడినుంచి రోడ్డుకు రెండువైపులా సాగ్వారో జెముళ్ళు చేతులెత్తి నిలబడి ఉంటాయి. కొన్ని నాలుగు నిలువుల ఎత్తు.

సరిహద్దు ఊరు లూక్‌విల్ దగ్గరపడుతుండగా వాడు కారు నెమ్మది చేసి పడమటివైపు చూపించాడు. "ఇక్కడికి పదిహేడు మైళ్ళలో, అన్నయ్యా. 2019 జూన్‌లో. పంజాబు నుంచి వచ్చిన పిల్ల. ఆరేళ్ళు." కాగితాలు లేకుండా సరిహద్దు దాటించిన దళారులు తల్లినీ పిల్లనూ ఈ ఎడారిలో వదిలేసి పోయారు. 42 డిగ్రీల ఎండ. తల్లి బిడ్డను తోటివాళ్ళకు అప్పగించి నీళ్ళు వెతకడానికి వెళ్ళి, మళ్ళీ బిడ్డను చేరలేకపోయింది. మర్నాడు గస్తీవాళ్ళకు తల్లి కనిపించింది. తరవాత దొరికిన పాపకు ప్రాణం లేదు. ఈ వార్త నేను అప్పట్లో పేపర్లో చదివాను. చదివి పేజీ తిప్పాను కాబోలు. ఆ నేల మీద నిలబడి విన్నప్పుడు పది గాలన్ల మీద నేను వేసిన హాస్యం నాకే చేదుగా తగిలింది.

2020లో కట్టిన ముప్ఫయి అడుగుల ఉక్కు కంచె కొండ ఎక్కి, కొండ దిగి, కనుచూపు మేర పోతోంది. అమెరికా వీసా ఉన్నవాళ్ళకు మెక్సికో వీసా వేరే అక్కరలేదు. సులువుగానే అటు పడ్డాం. అవతలి ఊరు సొనోయ్‌టా. అక్కడ మాకోసం ఒక మార్గదర్శి కాచుకుని ఉన్నాడు. అరవై ఏళ్ళ మనిషి, ఎండకు మాగిన ముఖం. మా తమ్ముడి స్పానిషు నా ఇంగ్లీషు లాంటిదే, బండి నడవడానికి సరిపోతుంది.

సొనోయ్‌టా నుంచి సముద్రం ఒడ్డునున్న ప్యూర్తో పెన్యాస్కోకు వంద కిలోమీటర్ల తిన్నని రోడ్డు. కాస్త దూరం పోగానే కుడివైపు ఆకాశం అంచున నల్లగా ఒక గీత కనిపించింది. ముందు మబ్బనుకున్నాను. మబ్బు కాదు, అదే కొండ. అగ్నిపర్వతమంటే మన మనసులో మెదిలేది ఫ్యూజీలా నిటారుగా లేచి నెత్తిన పొగ కక్కే శిఖరం. ఇది అలా లేదు. యుద్ధమైపోయాక ఎవరో బోర్లించి వదిలేసిన డాలులా ఉంది. శాస్త్రజ్ఞులు ఈ జాతికి డాలు అగ్నిపర్వతం అనే పేరు పెట్టారు. లావా చిక్కగా ఉంటే వచ్చినచోటే పేరుకుని నిటారుగా లేస్తుంది. పలచగా ఉంటే పెనం మీద దోసెపిండిలా నాలుగువైపులా పరుచుకుంటుంది. పొర మీద పొర అలా లక్షల ఏళ్ళు పోస్తే ఈ డాలు తయారవుతుంది. దీని నడినెత్తి శిఖరం సుమారు 1,200 మీటర్లు. డాలు పోత మొదలై పది లక్షల ఏళ్ళు దాటింది. దాని మీదా చుట్టూతా 400కు పైగా చిన్న చిన్న బూడిదగుట్టలు. వాటిలో కడపటివి చల్లారి పదివేల ఏళ్ళ పైచిలుకు మాత్రమే అయిందట. మా కాతేరు రాయి పక్కన పెడితే ఇది నిన్నటి పసిగుడ్డు.

పినకాతె అంటే ఏ దేవుడి పేరో అనుకునేరు. అక్కడి నల్లటి పురుగు పేరది. మెక్సికో ప్రాచీన భాష నహువాట్లు నుంచి వచ్చింది. ఎవరైనా దగ్గరికి వస్తే తలకిందులుగా నిలబడి వెనకభాగం పైకెత్తి కంపు కొడుతుంది. మా మార్గదర్శి ఒకదాన్ని చూపించాడు. మర్యాదగా దూరం జరిగాం.

రక్షిత ప్రాంతంలోకి మట్టిబాట పట్టాం. మెక్సికో ప్రభుత్వం 1993లో దీన్ని రక్షణలోకి తీసుకుంది. 2013లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. పడమటి ఇసుకదిబ్బలతో కలిపి 7 లక్షల హెక్టార్ల పైన. ఇక్కడినుంచి గులకరాయి కూడా పట్టుకెళ్ళకూడదు.

మొదట ఎల్ ఎలెగాంతె అనే బిలం దగ్గర దిగాం. అంచుదాకా వెళితేగాని ముందు గొయ్యి ఉన్నట్టే తెలియదు. వెళ్ళాక కాలు వెనక్కి వేశాను. మైలు అడ్డకొలత, ఎనిమిది వందల అడుగుల లోతు. ఎవరో వృత్తలేఖినితో గీసి తవ్వినట్టున్న గుండ్రదనం. ఇలాంటివి పది ఉన్నాయిక్కడ. పైకి వస్తున్న శిలాద్రవానికి భూగర్భజలం తగిలింది. కాగిన మూకుట్లో నీళ్ళచుక్క పడితే ఏమవుతుందో తాలింపు వేసే ప్రతివారికీ తెలుసు. అదే కొండంత ప్రమాణంలో జరిగింది. ఆవిరి పేలి నేల ఎగిరిపోయింది, తరవాత అంచులు లోపలికి కూలాయి. గోడల్లో పొరలు కనిపిస్తున్నాయి, ఎరుపు, నలుపు, బూడిద. మా నాన్నగారుంటే చేతికర్రతో ఒక్కొక్క పొరే చూపించి పాఠం చెప్పేవారు. మా తమ్ముడు ఏమనుకుంటున్నాడో అడగలేదు. గొయ్యి అంచున ఇద్దరం చెరో పక్కా నిలబడ్డాం.

1960లలో చంద్రుడి మీదికి వెళ్ళబోయే వ్యోమగాములను ఇక్కడికి తీసుకొచ్చి రాళ్ళను గుర్తుపట్టడం నేర్పించారు. చంద్రుణ్ణి పోలిన నేల కావాలంటే ఇక్కడికి రావలసి వచ్చింది మరి. వాళ్ళకంటే ముందు, 1698లో, కీనో అనే జెసూట్ ఫాదిరీ ఈ కొండ ఎక్కాడు. కాలిఫోర్నియా ద్వీపమా, నేలతో కలిసిన దేశమా అని ఆ రోజుల్లో పెద్ద సందేహం. కొండమీదినుంచి సముద్రం చివర ఎలా మూసుకుపోతోందో చూసి, ద్వీపం కాదనే నమ్మకంతో దిగాడు. చరిత్ర పుస్తకాల్లో ఈ కొండ అక్కడినుంచే మొదలవుతుంది. కొండ చుట్టూ ఆయనకు దారి చూపించినవాళ్ళు అంతకుముందు వేల ఏళ్ళుగా ఉన్నారన్నది రెండో పేరాలో వస్తుంది.

వాళ్ళు ఓధమ్ ప్రజలు. వాళ్ళ భాషలో ఈ కొండ పేరు చూక్ తోఅక్, అంటే నల్లకొండ. అచ్చంగా మన నల్లకొండే. నల్లగొండ జిల్లావారు గమనించాలి. మనుషులను సృష్టించిన ఈతోయి అనే పెద్ద ఈ కొండ గుహలో నివసించాడని వాళ్ళ నమ్మకం. 1853 ఒడంబడికతో సరిహద్దు గీత వాళ్ళ దేశం నడిమధ్యనుంచి పోయింది. కొండ ఒక ప్రభుత్వం కిందా, జనంలో ఎక్కువమంది మరో ప్రభుత్వం కిందా పడ్డారు. వాళ్ళలో ఇసుకజనం అనే తెగ ఈ లావాలోనే బతికింది. పంట లేదు, పారే ఏరు లేదు. ఇసుకలో మరో మొక్క వేరు పట్టుకుని పెరిగే ఒక దుంపలాంటి కాడను తవ్వుకుని తినేవారు. కుర్రవాళ్ళు వయసుకు వచ్చాక కొండ పక్కగా సముద్రం దాకా పరుగెత్తి ఉప్పు తెచ్చేవారు. ఉప్పు కూటికే కాదు, అదొక వ్రతం. ఎండలో, కొద్దిపాటి నీళ్ళతో.

ఆ నీళ్ళెక్కడివని అడిగాను. మార్గదర్శి ఒక్క మాటన్నాడు: "తినాహా." స్పానిషులో ఆ మాటకు నీళ్ళబాన అని అర్థమట. లావా చల్లారేటప్పుడూ, వాన కోసినప్పుడూ రాతిలో పడ్డ గుంటల్లో వాననీరు నిలుస్తుంది. నీడ తగిలే గుంటలో నెలల తరబడి ఉంటుంది. ఏ బాన ఏ నెలలో ఎండుతుందో ఇసుకజనానికి కంఠతా వచ్చు. అది తెలిసినవాడు బతికాడు.

"ఒకటి చూపిస్తాను, గంట నడక. పేరు మాత్రం ఎవరికీ చెప్పకండి, జనం వస్తే గొర్రెలు నీళ్ళకు రావు" అన్నాడు. కొండగొర్రెల సంగతి ఆయన చెప్పేది. అందుకే ఇక్కడా రాయడం లేదు.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. పొద్దున్నే కదా, గంటే కదా అని నా నీళ్ళసీసా కారులోనే వదిలేశాను. భుజాన కెమెరా మాత్రం తగిలించుకున్నాను.

లావా మీద నడక మన నడక కాదు. కొన్నిచోట్ల తాళ్ళు పేనినట్టు నున్నగా ఉంటుంది. కొన్నిచోట్ల విరగ్గొట్టిన పెంకుల గుట్టలా అంచులు పైకి పెట్టుకుని ఉంటుంది. ఈ రెండోదాన్ని హవాయి దీవుల మాటతో 'ఆఆ' అంటారు. తెలుగు మేష్టరును గనక ఓనమాలు దిద్దుతున్నాననుకుని ముందు సంతోషించాను. పావుగంటలో బూటు అడుగు చీలింది, 'ఆ ఆ' అని నేనే అనడం మొదలుపెట్టాను. రాయి తాగిన ఎండంతా కింద నుంచి కొడుతుంది, పైన సూర్యుడు సరేసరి. గంట అనుకున్నది గంటన్నర దాటింది. నోట్లో ఉమ్ము ఆరిపోయింది, నాలుక అంగిటికి అంటుకుంది. అడగటానికి అభిమానం. ముందు నడుస్తున్న తమ్ముడి వీపుమీది సంచి చూస్తూ నడిచాను. ఒకచోట కాలు తడబడి మోకాటిమీద పడ్డాను.

వాడు వెనక్కి వచ్చి ఏమీ అనకుండా సంచిలోంచి సీసా తీసి మూత విప్పి ఇచ్చాడు. అది నేను కారులో వదిలేసిన సీసాయే. నేను మరిచిపోయింది చూసి పొద్దుటినుంచీ మోస్తున్నాడు.

మరో పదినిమిషాలకు బాన వచ్చింది. నల్లటి రాతిగోడ నీడన, మన ఇంటి గాబుకు రెండింతలుండే గుంట. ఆకుపచ్చ రంగు తిరిగిన నీళ్ళు. అంచున తేనెటీగలు వాలి తాగుతున్నాయి. చుట్టూ గొర్రెల డెక్కల గుర్తులు. కాస్త దూరంలో మనిషి పడుకునేంత వలయంగా పేర్చిన రాళ్ళు, ఒక కుండపెంకు, ఒక సముద్రపు గవ్వ. అక్కడినుంచి నల్లనేల మీద తెల్లగా ఒక సన్నబాట సముద్రంవైపు పోతోంది. ఎందరి పాదాలు అరగదీసిన బాటో అది. నడిచేవాళ్ళు పోయినా బాట చెరగలేదు.

మార్గదర్శి టోపీ తీసి దూరంగా కూర్చున్నాడు. ఆ నీళ్ళు మేం ముట్టుకోలేదు. అవి మావి కావు.

తమ్ముడు నీళ్ళలోకి చూస్తూ, "అన్నయ్యా, నాన్న చివర్లో దాహం అడిగారా?" అన్నాడు.

ఇప్పుడు మా కథ చెప్పాలి. మా నాన్నగారు 2021 మే నెలలో కరోనాతో పోయారు. వీడి వీసా కాగితాలు మధ్యలో ఉన్నాయి. కాన్సలేట్లు పనిచెయ్యడం లేదు. ఇండియా నుంచి వచ్చేవారికి అమెరికా తలుపులు వేసింది. వస్తే మళ్ళీ ఉద్యోగానికి, పెళ్ళాంపిల్లల దగ్గరికి పోగలడన్న నమ్మకం లేదు. రాలేదు. ఫోనులో చూశాడు. ఆ రాత్రి వాడు ఏడుస్తూ అడిగితే, "నేను పక్కనే ఉన్నానురా, తులసితీర్థం నా చేత్తోనే పోశాను" అన్నాను. ఓదార్పుకోసమే అన్నాను. ఆ తరవాత ఆ మాట నాకు పెద్దరికమైపోయింది. 2023లో వాడు వచ్చి పదిరోజులున్నప్పుడు కూడా, నేనున్నాను, నువ్వు లేవు అన్నది నోటితో అనకుండా వాడికి తెలిసేలా మసలుకున్నాను.

నిజం ఏమిటంటే వార్డులోకి ఎవరినీ రానివ్వలేదు. నాలుగు రోజులు నేను ఆస్పత్రి గేటు బయట వేపచెట్టు కింద నిలబడ్డాను. చేతిలో నీళ్ళసీసా ఉంది. లోపలికి పంపమని ఇచ్చాను. అది ఆయనకు చేరిందో లేదో ఈనాటికీ నాకు తెలియదు.

అదే చెప్పాను. రాతిమీద కూర్చుని, అటు చూస్తూ చెప్పాను. నాలుగేళ్ళు మోసిన అబద్ధం చెప్పటానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఒక తేనెటీగ నీళ్ళలో పడి కొట్టుకుంటుంటే పుల్లతో తీసి రాయిమీద పెట్టాడు. తరవాత, "నువ్వు ఒక్కడివే నిలబడ్డావా అన్నయ్యా, గేటు దగ్గర?" అన్నాడు. నిన్ను నేను నాలుగేళ్ళు సాధించానురా అని నేననబోతుంటే వాడు ఈ ప్రశ్న వేశాడు. అవునన్నాను. అంతకుమించి నోరు పెగల్లేదు.

తిరుగు నడకలో వాడు ముందుండి, చూసి అడుగు వెయ్యమంటూ, రాయి కదిలేచోట చెయ్యి అందిస్తూ నడిచాడు. కారు దగ్గర బూడిదగుట్ట నీడన పులిహోర విప్పాం. మార్గదర్శికి కూడా పెట్టాం. పోపుమిరపకాయ కొరికి, మెక్సికోలో ఇంతకంటే మంచివి ఉన్నాయన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ చర్చ స్పానిషులోనూ తెలుగులోనూ కాసేపు నడిచింది.

సరిహద్దు దగ్గర అమెరికా అధికారి కిటికీలోంచి చూసి ఏం తెస్తున్నారని అడిగాడు. "ఖాళీ నీళ్ళ డబ్బాలు" అన్నాడు మా తమ్ముడు. ఆయన నమ్మక వెనక తలుపు తీయించి చూశాడు. నిజంగా అవే ఉన్నాయి.

కాస్త దూరం పోయాక రోడ్డుకు ఎడంగా పొడుగాటి కర్రకు నీలిజెండా, దానికింద నీలం పీపా కనిపించాయి. దారితప్పినవారికోసం స్వచ్ఛంద సేవకులు పెట్టే నీళ్ళవి. చీకటి పడుతోంది. 'వై' ఊళ్ళో పెట్రోలుకు ఆగాం. కొట్టువాణ్ణి అడిగి వాడు డబ్బాలన్నీ మళ్ళీ నింపడం మొదలుపెట్టాడు.

"ఇల్లు రెండుగంటల దూరం కూడా లేదు, ఇప్పుడెందుకురా?" అన్నాను.

"ఉండనీ అన్నయ్యా" అన్నాడు. రెండో డబ్బా నేను పట్టుకున్నాను.